బేనిషాన్‌కు నిషాన్ ఎందుకు పడుతుంది? కోసిన పండులోనూ ఉండే రోగనిరోధక శక్తి

బేనిషాన్ అనే పేరు ఉర్దూ తెలిసిన ఇళ్లలో ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేదు. నిషాన్ లేనిది, అంటే మచ్చ లేనిది. తెలుగులో బంగినపల్లి, ఢిల్లీ వైపు వెళితే సఫేదా. ఒకప్పుడు నవాబుల సంస్థానంగా ఉన్న బనగానపల్లె పేరు మీద ఈ మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇంత పేరున్న పండును మే నెలలో సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో డబ్బాకు డబ్బా కొని ఇంటికి తెస్తే, నాలుగో రోజుకల్లా తొక్క మీద నల్ల చుక్కలు తేలతాయి. ఐదో రోజుకు తొడిమ చుట్టూ గోధుమ రంగు వలయం. ఆరో రోజుకు సగం డబ్బా ఖరాబ్.

కొన్నవాళ్లు బండి వాడిని తిడతారు. బండి వాడు కమీషన్ ఏజెంట్‌ను, ఏజెంట్ రైతును. అసలు సంగతి వేరే ఉంది. ఆ మచ్చకు విత్తనం చాలాసార్లు చెట్టు మీదే పడి ఉంటుంది, కాయ గోలీ అంత ఉన్నప్పుడే. అన్ని నెలలూ అది బయటపడకుండా ఆపింది కాయలో ఉన్న సొంత రక్షణ వ్యవస్థ. ఆ రక్షణ ఎప్పుడు తగ్గుతుంది, దాన్ని ఇంకొన్ని రోజులు నిలబెట్టడం ఎలా, అలా చేస్తే రుచీ రంగూ చెడకుండా ఉంటాయా అన్నదే ఈ వ్యాసం. (ఇక్కడ మాట్లాడేది పండు తింటే మనకొచ్చే ఇమ్యూనిటీ గురించి కాదు. పండుకే ఉన్న ఇమ్యూనిటీ గురించి.)

కోసినా బతికే ఉంటుంది

చెట్టు నుంచి తెంపిన కాయ చచ్చిపోయినట్టు కాదు. ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది. ఆక్సిజన్ పీల్చి, లోపలి పిండిపదార్థాన్ని ఖర్చు చేసి, వేడిని వదులుతుంది. మూసిన డబ్బాలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది ఆ వేడే. బతికి ఉంది కాబట్టే తనను తాను కాపాడుకోగలదు కూడా.

మామిడికి మొదటి కాపలా తొక్క మీది మైనపు పొర. కొత్తగా కోసిన కాయ మీద బూడిద పూసినట్టు కనిపించేది అదే. గోనెతో తుడిచి మెరిపిస్తే అందంగా కనిపిస్తుంది కానీ ఆ పొర పోతుంది. రెండో కాపలా తొక్కలో నిల్వ ఉండే రసాయనాలు. వీటిని రిసార్సినాల్స్ అంటారు. 1980లలో పరిశోధకులు గమనించిన విషయం ఏమిటంటే, పచ్చి కాయ తొక్కలో ఇవి బూజును ఎదగనివ్వనంత మోతాదులో ఉంటాయి, కాయ మాగుతున్న కొద్దీ తగ్గిపోతాయి. తగ్గిన చోటే మచ్చ లేస్తుంది. మూడోది, దాడి జరిగాక అప్పటికప్పుడు పుట్టే ప్రతిస్పందన. బూజు గోడను కరిగించే ఎంజైములు తయారవుతాయి, గాయం చుట్టూ కణాల గోడలు గట్టిపడతాయి.

దాడి చేసేవాళ్లలో ముఖ్యులు ఇద్దరు. ఒకటి కొల్లెటోట్రైకమ్ అనే బూజు. దీని వల్ల వచ్చేదాన్ని రైతులు పక్షికన్ను తెగులు అంటారు, పుస్తకాల్లో ఆంత్రాక్నోస్. పూత సమయంలోనో, పిందె మీద వాన చినుకు పడ్డప్పుడో దీని బీజం కాయ మీద దిగుతుంది. మొలకెత్తి, తొక్కకు అంటుకునే ఒక చిన్న పట్టు లాంటిది తయారు చేసుకుని, మైనపు పొర దగ్గరే ఆగిపోతుంది. పచ్చి కాయలోని రసాయనాలు ముందుకు పోనివ్వవు. అలా నెలల తరబడి పడుకుని ఉండి, కాయ మెత్తబడగానే లేస్తుంది. రెండోది తొడిమ కుళ్ళు. దీని బూజు తొడిమలోనే తిష్ట వేసి, పండు మాగాక పైనుంచి కిందికి దిగుతుంది. అందుకే ఆ గోధుమ వలయం ఎప్పుడూ తొడిమ దగ్గరే మొదలవుతుంది.

మే నెలలో అకాల వర్షాలు పడిన ఏడాది మచ్చల కాయలు ఎక్కువ రావడానికి కారణం కూడా ఇదే. రాలిన కాయల లెక్క అందరికీ కనిపిస్తుంది. చెట్టు మీద మిగిలిన కాయల్లో పడుకున్న బూజు లెక్క మార్కెట్‌లోనే తేలుతుంది.

సొన: కాపాడేదీ అదే, కాల్చేదీ అదే

మామిడి కాయ తెంపగానే తొడిమ దగ్గర చిమ్మే సొన గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. నాణ్యత, నిరోధక శక్తి ఒకదానితో ఒకటి ఎలా గుద్దుకుంటాయో ఇక్కడే బాగా అర్థమవుతుంది.

సొనలో రెండు భాగాలు ఉంటాయి. నూనెలా తేలేది ఒకటి, నీళ్లలా ఉండేది ఇంకొకటి. నూనె భాగం తొక్క మీద కారితే కాల్చేస్తుంది. ఒకటి రెండు రోజుల్లో నల్లటి చారలు పడతాయి. ఇది తెగులు కాదు, ఉత్త సొన మచ్చ. అయినా ధర పడిపోతుంది. ఎక్స్‌పోర్ట్ చేసేవాళ్లయితే ఆ కాయను పక్కన పడేస్తారు. అందుకని కాయలను తలకిందులుగా పెట్టి సొన మొత్తం కార్చేయడం, తర్వాత కడగడం ప్యాక్‌హౌస్‌లలో పద్ధతి.

అయితే శ్రీలంకలోని పెరదెనియా విశ్వవిద్యాలయం, ఆస్ట్రేలియా పరిశోధకులు సొనను పరీక్షించి చూస్తే, అందులో రిసార్సినాల్స్ ఉన్నాయి. బూజు గోడను కరిగించే కైటినేజ్ అనే ఎంజైము కూడా ఉంది. అంటే సొన కాయ నరాల్లో తిరిగే మందు లాంటిది. మొత్తం కార్చేస్తే తొక్క శుభ్రంగా ఉంటుంది, రక్షణ కొంత పోతుంది. లోపలే ఉంచితే రక్షణ నిలుస్తుంది, ఒలికితే తొక్క కాలుతుంది.

మధ్యేమార్గం పాత రైతులకు తెలిసిందే. రాళ్లతో కొట్టి, కొమ్మ ఊపి రాల్చకుండా చిక్కంతో కోయడం, తొడిమ ఒక సెంటీమీటరు దాకా ఉంచడం. తొడిమ ఉన్నంత సేపు సొన లోపలే ఉంటుంది, బయటికి కారదు. తొడిమ విరిగిన చోట పచ్చి గాయం కూడా ఉండదు. మార్కెట్‌లో తొడిమ ఉన్న కాయ చూసి 'బరువు కోసం పెట్టాడు' అనుకునేవాళ్లు ఉన్నారు. ఆ చిన్న పుల్ల బరువు ఎంతని.

ఇంకో సంగతి. పిల్లలు మామిడి పండు తొక్కతో సహా కొరికి తింటే పెదవుల చుట్టూ దద్దుర్లు వస్తాయి కదా. జీడిమామిడి, మామిడి ఒకే కుటుంబం. పండును బూజు నుంచి కాపాడే ఆ రిసార్సినాల్ జాతి రసాయనమే కొందరి చర్మానికి పడదు. సొన కడిగి, తొక్క తీసి పెడితే చాలామందికి ఇబ్బంది ఉండదు.

కార్బైడ్ ఎక్కడ దెబ్బ తీస్తుంది

కార్బైడ్ గురించి ఆరోగ్యం కోణంలో ఎన్నోసార్లు చదివే ఉంటారు. క్యాల్షియం కార్బైడ్‌కు తేమ తగిలితే ఎసిటిలీన్ గ్యాస్ వస్తుంది, వేడి పుడుతుంది. పారిశ్రామిక కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు ఉంటాయి. దీనితో పండ్లు మాగించడం చట్టప్రకారం నిషేధం. 2015లో హైదరాబాద్‌లోని అప్పటి ఉమ్మడి హైకోర్టు ఈ విషయాన్ని తనంతట తానే విచారణకు తీసుకుని రెండు రాష్ట్ర ప్రభుత్వాలనూ నిలదీసింది. దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఇథిలీన్ గ్యాస్‌ను 100 పీపీఎం వరకు అనుమతించింది. అంటే గదిలోని గాలిలో పది వేల వంతులకు ఒక వంతు. పండు తనంతట తాను మాగేటప్పుడు విడుదల చేసే గ్యాస్ కూడా ఇదే. ఇథెఫాన్ పొట్లాలు వాడినా, గ్యాస్ మాత్రమే తగలాలి, పొడి గానీ ద్రవం గానీ పండును తాకకూడదన్నది నిబంధన.

పండు రక్షణ వైపు నుంచి చూస్తే కార్బైడ్ చేసేది ఇంకొకటి ఉంది. కార్బైడ్ వాడేవాళ్లకు తొందర. ధర బాగున్న ఏప్రిల్‌లోనే లేత కాయ దింపుతారు. లోపల పిండి చక్కెరగా మారేంత ముదురు ఉండదు. తొక్క మాత్రం పసుపు పచ్చగా మారుతుంది. తొక్క రంగు మారిందంటే అందులోని రక్షణ రసాయనాలు తగ్గడం మొదలైనట్టే. అంటే తీపి రాకముందే కాపలా వెళ్లిపోయింది. పైన బంగారం, లోపల పులుపు, రెండు రోజుల్లో మచ్చ. కొన్నవాళ్లకు అన్ని వైపులా నష్టం.

ఇథిలీన్ కూడా మంత్రదండం కాదు. గదిలో వేడి ఎక్కువగా ఉన్నా, గాలి మార్చకపోయినా, గ్యాస్ ఎక్కువ సేపు పెట్టినా కుళ్ళు పెరుగుతుంది. సరిగ్గా చేసే చాంబర్లలో ఉష్ణోగ్రతను 20 డిగ్రీల అటూ ఇటూ ఉంచుతారు, తేమ తగ్గకుండా చూస్తారు, పీల్చి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపుతారు. అప్పుడే అన్ని కాయలూ ఒకే తీరుగా, నిదానంగా రంగు తిరుగుతాయి.

తొమ్మిది కిలోల లెక్క

లుధియానాలోని కేంద్ర కోత అనంతర ఇంజనీరింగ్ సంస్థ (సిఫెట్) దేశవ్యాప్తంగా చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. కోత నుంచి అమ్మకం దాకా మామిడిలో నష్టం 9.16 శాతం అని తేల్చింది. జామలో 15.88 శాతం. ఈ నష్టం ఒక్కరి మీదే పడదు. తోటలో కొంత, లారీలో కొంత, మార్కెట్‌లో కొంత, దుకాణంలో కొంత పోతుంది. కానీ చివర్లో ఉన్నవాడికి అది ఎలా తగులుతుందో ఒక ఊహా లెక్క వేసి చూడొచ్చు.

తోపుడు బండి మీద అమ్మే మనిషి 100 కిలోలు కిలో 60 రూపాయల చొప్పున కొన్నాడనుకోండి. పెట్టుబడి 6,000. కిలో 80కి అమ్మితే రావాల్సింది 8,000, లాభం 2,000. తొమ్మిది కిలోలు కుళ్ళితే అమ్మేది 91 కిలోలు, వచ్చేది 7,280. లాభం 1,280కి పడింది. సరుకులో పోయింది 9 శాతమే, సంపాదనలో పోయింది 36 శాతం. బండి కిరాయి, కవర్ల ఖర్చు ఇందులో కలపలేదు. సీజన్‌లో రెండు నెలలు పండ్లు అమ్మి పిల్లల స్కూల్ ఫీజు కట్టుకునే కుటుంబాలు మన మధ్యే ఉన్నాయి. మచ్చ గొడవ వాళ్లకు రుచి గొడవ కాదు.

నగరంలో పండ్ల హోల్‌సేల్ కూడా జరుగుతూ వచ్చింది. 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్ ఒకప్పుడు పండ్ల కేంద్రం. తర్వాత గడ్డిఅన్నారం. 2021-22 మధ్య అది విజయవాడ రోడ్డు మీది బాటసింగారానికి మారింది. అక్కడి నుంచి సికింద్రాబాద్ దాకా పండు ఇంకోసారి ఎక్కాలి, ఇంకోసారి దిగాలి. పైకి కనిపించని దెబ్బ తగిలిన ప్రతి చోటా కాయ తన శక్తిని గాయం మాన్పుకోవడానికి ఖర్చు పెడుతుంది. వదులుగా విసిరిన డబ్బా, కిక్కిరిసిన ట్రాలీ, పైన కూర్చున్న హమాలీ, ఇవన్నీ బూజుకు దారి తెరిచేవే. ప్లాస్టిక్ క్రేట్లలో వచ్చిన సరుకు తక్కువ కుళ్ళడానికి వేరే రహస్యం ఏమీ లేదు.

కొంచెం బెదిరిస్తే కాయ మేలుకుంటుంది

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బూజు మందు కొట్టకుండా కాయ సొంత శక్తినే పెంచవచ్చా? పెంచవచ్చని నలభై ఏళ్లుగా పరిశోధనలు చెబుతున్నాయి. సూత్రం సింపుల్. చంపనంత చిన్న దెబ్బ తగిలితే బతికి ఉన్న ప్రాణి జాగ్రత్త పడుతుంది. కాయ కూడా అంతే. కొద్దిపాటి వేడి, కొద్దిపాటి అతినీలలోహిత కాంతి, కొన్ని సంకేత రసాయనాలు తగిలితే 'దాడి జరుగుతోంది' అనుకుని తన ఆయుధాలు తయారు చేసుకుంటుంది. ఆయుధాలు సిద్ధం కావడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. అందుకే ఇది కోసిన వెంటనే, కాయ పచ్చిగా ఉన్నప్పుడే జరగాలి. పండిపోయి మోండా మార్కెట్‌కు చేరాక చేస్తే లాభం లేదు.

వీటిలో మన దగ్గర అన్నిటికన్నా అందుబాటులో ఉన్నది వేడి నీళ్లు. 52 నుంచి 55 డిగ్రీల నీటిలో ఐదు నుంచి పది నిమిషాలు ముంచితే రెండు పనులు జరుగుతాయి. తొక్క పైపైన పడుకున్న బూజు దెబ్బతింటుంది. కాయలో వేడికి పుట్టే రక్షణ ప్రోటీన్లు, ఎంజైములు మేలుకుంటాయి. మందు అవశేషం ఉండదు. ఖర్చు నీళ్లు, కరెంటు. ఇబ్బంది ఏమిటంటే గీత చాలా సన్నం. రెండు మూడు డిగ్రీలు పెరిగినా, నిమిషాలు ఎక్కువైనా తొక్క ఉడికి గుంటలు పడతాయి, లోపల గుజ్జు సమంగా మాగదు. లేత కాయలకైతే ఇంకా తొందరగా దెబ్బ తగులుతుంది. థర్మామీటర్ లేకుండా 'చెయ్యి పెడితే కాలేంత' అని అంచనా వేసి చేస్తే డబ్బా మొత్తం పోతుంది.

అతినీలలోహిత కాంతి కథ అమెరికాలో మొదలైంది. అలబామా రాష్ట్రంలోని టస్కీగీ విశ్వవిద్యాలయం, అక్కడి వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు 1980ల నుంచి ఉల్లి, చిలగడదుంప, ఆపిల్, పీచ్‌ల మీద చేసి చూశారు. టస్కీగీ అమెరికాలో నల్లజాతి వాళ్ల చదువు కోసం పుట్టిన సంస్థ. అక్కడి పరిశోధన ఈ రంగానికే పునాది వేసింది. మెక్సికోలో మామిడి మీద కూడా ప్రయత్నించారు, కుళ్ళు తగ్గింది, కాయ గట్టిదనం నిలిచింది. మోతాదు మించితే మాత్రం తొక్క గోధుమ రంగుకు తిరుగుతుంది. ఇది ఫ్యాక్టరీలో లాంప్ కింద సెకన్లు, నిమిషాలు లెక్కపెట్టి చేసేది. డాబా మీద ఎండలో కాయలు పెడితే ఇదే జరుగుతుందని ఎవరూ అనుకోవద్దు. వేడెక్కి త్వరగా మెత్తబడతాయి, అంతే.

చెట్టు మీద ఉన్నప్పటి ఎండ మాత్రం పనికొస్తుంది. ఎండ తగిలి ఎర్రటి జీర వచ్చిన వైపు మామిడి, నీడలో పచ్చగా ఉండిపోయిన వైపు కన్నా తెగులును బాగా తట్టుకుంటుందని పరిశోధనల్లో తేలింది. ఆ ఎరుపు రంగునిచ్చే పదార్థాలే రక్షణలోనూ భాగం. కాపు అయిపోయాక చెట్టు మధ్యలో కొమ్మలు కత్తిరించి వెలుతురు పడేలా చేయమని ఉద్యాన అధికారులు చెప్పడం వెనక ఇది కూడా ఉంది. గాలి ఆడితే ఆకుల మీద తడి ఆరుతుంది, బూజుకు మొలకెత్తే అవకాశం తగ్గుతుంది. ఈ మధ్య రైతులు కాయలకు కాగితం కవర్లు తొడుగుతున్నారు. కవర్ వాన చినుకును, పురుగును ఆపుతుంది, తొక్క నున్నగా వస్తుంది. ఎండ తగలక ఎరుపు మాత్రం తగ్గుతుంది. బేనిషాన్ ఎలాగూ పసుపు పండు కాబట్టి ఆ నష్టం పెద్దగా కనిపించదు.

సంకేత రసాయనాల్లో ముఖ్యమైనది సాలిసిలిక్ ఆమ్లం. మొక్కలు తమలో తాము 'ప్రమాదం' అని చెప్పుకోవడానికి వాడే హార్మోన్ ఇది. బీజింగ్‌లోని చైనా వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు మామిడిని ఇలాంటి ద్రావణంలో ముంచి చూస్తే రక్షణ ఎంజైములు పెరిగి, పక్షికన్ను మచ్చలు చిన్నవయ్యాయి. దీని చుట్టమే ఆస్పిరిన్. అలాగని ఇంట్లో ఆస్పిరిన్ కరిగించి పండ్లు ముంచే ఆలోచన ఎవరికైనా వస్తే మానుకోవాలి. మోతాదు తెలియదు, తినే పదార్థం, పైగా ఆస్పిరిన్ పడనివాళ్లు ఇళ్లలో ఉంటారు.

క్యాల్షియం పని ఇంకో రకం. ఇది కాయను బెదిరించదు, గోడలు కడుతుంది. కణాల మధ్య అతుకును గట్టిపరిచి, బూజు ఎంజైములు తొందరగా కరిగించకుండా చూస్తుంది. కాయ చెట్టు మీద ఉండగా చల్లితేనే ఎక్కువ ఫలితం. కార్బైడ్‌లో ఉన్నదీ క్యాల్షియమే కదా అని ఒకరిద్దరు వ్యాపారులు వాదిస్తుంటారు. కార్బైడ్ నుంచి కాయకు అందేది గ్యాస్, క్యాల్షియం కాదు.

పై పూత: ఒక హలాల్ ప్రశ్న

పండ్ల మీద మైనం పూత గురించి మన పాఠకులకు రెండు రకాల అనుమానాలు. ఆరోగ్యమా, హలాలా. మొదటిదానికి జవాబు తేలిక. తాజా పండ్లపై తేనెమైనం, కార్నోబా మైనం, లక్క మైనం పూయడానికి భారత ఆహార నిబంధనలు ఒప్పుకుంటాయి, లేబుల్ మీద చెప్పాలనే షరతుతో. కార్నోబా బ్రెజిల్‌లో పెరిగే తాటి జాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. తేనెమైనం తేనెటీగల నుంచి, లక్క చెట్ల మీద ఉండే పురుగుల స్రావం నుంచి. పూత వేస్తే కాయ నుంచి నీళ్లు ఆవిరి కావడం తగ్గుతుంది, ఊపిరి నెమ్మదిస్తుంది, మాగడం వాయిదా పడుతుంది. మాగడం వాయిదా పడితే తొక్కలోని రక్షణ ఆ మేరకు నిలుస్తుంది. మరీ మందంగా పూస్తే ఊపిరి ఆడక లోపల పులిసిన వాసన వస్తుంది.

కొత్తగా ఎక్కువ మాట వినిపిస్తున్నది కైటోసాన్. ఇది పూతగానూ పనిచేస్తుంది, కాయను మేలుకొలిపే సంకేతంగానూ పనిచేస్తుంది. బూజు గోడలో ఉండే పదార్థానికి ఇది దగ్గరి చుట్టం. కాయ దీన్ని తాకగానే బూజు వచ్చిందనుకుని రక్షణ మొదలుపెడుతుంది. ఎక్కువగా రొయ్యలు, పీతల పెంకుల నుంచి తీస్తారు. రొయ్యల సాగులో దేశంలో ముందున్నది ఆంధ్రప్రదేశే కాబట్టి పెంకులకు కొదవ లేదు. రొయ్యల విషయంలో మన దగ్గర అభిప్రాయాలు ఒకటి కాదు. 2018 జనవరిలో హైదరాబాద్ జామియా నిజామియా నుంచి రొయ్యలు, పీతలు తినడం మక్రూహ్ తహ్రీమీ అని ఫత్వా వచ్చినప్పుడు ఎంత చర్చ జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పెంకు నుంచి రసాయన పద్ధతిలో మార్చి తీసిన పదార్థానికి, అదీ ఒలిచి పారేసే తొక్క మీది పూతకు ఏ హుకుం వర్తిస్తుందన్నది ఉలమా చెప్పాల్సిన మాట. తెలుసుకోవాల్సిన వాస్తవం ఇంకొకటి ఉంది. ఇదే పదార్థాన్ని పుట్టగొడుగులు, ఇతర శిలీంధ్రాల నుంచి కూడా తీస్తున్నారు. లేబుల్ మీద మూలం రాయమని అడిగే హక్కు కొనేవాళ్లకు ఉంది.

ఇతర పండ్ల సంగతి

నల్గొండ బత్తాయిది వేరే తీరు. దానికి వచ్చేది పచ్చ బూజు, అది గాయం నుంచే లోపలికి వెళుతుంది. చిన్న గీతలు పడిన నిమ్మ జాతి పండ్లను 30 డిగ్రీలు దాటిన వెచ్చదనంలో, బాగా తేమ ఉన్న చోట ఒకటి నుంచి మూడు రోజులు ఉంచితే గాయం దగ్గర కలప లాంటి గట్టి పదార్థం పేరుకుని అదే మూసుకుపోతుంది. దీన్ని క్యూరింగ్ అంటారు. ఎక్కువ రోజులు చేస్తే బరువు తగ్గుతుంది. అరటిలో గెల నుంచి హస్తం కోసిన చోటే కుళ్ళు మొదలవుతుంది. కాబట్టి రంజాన్‌లో డజన్ల కొద్దీ కొనేటప్పుడు కాయల కన్నా ముందు ఆ కోత చూడాలి, నల్లగా మెత్తగా ఉంటే ఇఫ్తార్ నాటికి రాలిపోతాయి. బొప్పాయికీ మామిడి లాగే పాలు ఉంటాయి, పండే కొద్దీ తగ్గుతాయి. జామకు తొక్క పలచన, ఆయుష్షు తక్కువ. తెచ్చిన రోజో మర్నాడో తినేయడమే.

ఇంట్లో ఏం చేయొచ్చు

డబ్బా కొనేటప్పుడు పూర్తిగా పండినవి కాకుండా ముదిరిన కాయలు తీసుకుంటే మేలు. ముదిరిన కాయకు తొడిమ దగ్గర భుజాలు పైకి లేచి ఉంటాయి, తొడిమ కొంచెం లోపలికి దిగినట్టు కనిపిస్తుంది. తొడిమ ఉన్నవి, తొక్క మీద బూడిద పొర చెరగనివి ఏరుకోండి. పెద్ద డబ్బా అయితే అడుగు వరస కూడా చూపించమనండి. దుకాణదారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఇంటికి తెచ్చాక మామూలు నీటిలో కాసేపు వేసి సొన, దుమ్ము కడగాలి. ఇది బూజును చంపదు, సొన మచ్చలను, పిల్లల దద్దుర్లను తగ్గిస్తుంది. వేడి నీటి పద్ధతి చేయాలనుకుంటే వంటింటి థర్మామీటర్ తప్పనిసరి. పెద్ద గిన్నెలో నీళ్లు 52 డిగ్రీలకు తెచ్చి, పచ్చి ముదురు కాయలను ఐదు నిమిషాలు ముంచి, వేడి తగ్గితే కొద్దికొద్దిగా వేడి నీళ్లు కలుపుతూ అదే వేడి ఉంచాలి. తీశాక చల్లటి నీటిలో ముంచి, నీడలో పూర్తిగా ఆరబెట్టాలి. తడి మీద మూత పెడితే చేసిందంతా వృథా. మొదటిసారి నాలుగు కాయలతో చేసి చూడడం మంచిది.

మక్కబెట్టడానికి మన నానీలు, దాదీలు వాడిన వరిగడ్డి ఇప్పటికీ పనికొస్తుంది. గడ్డి మెత్తగా ఉంటుంది, కాయల నుంచి వచ్చే ఇథిలీన్‌ను కాస్త పట్టి ఉంచుతుంది, చెమ్మ పీలుస్తుంది. సికింద్రాబాద్ అపార్ట్‌మెంట్లలో గడ్డి ఎక్కడిది అంటే, కాగితం పరిచిన అట్టపెట్టె చాలు. తొడిమ కిందికి వచ్చేలా, ఒకే వరసలో, ఒకదానికొకటి ఒత్తుకోకుండా పెట్టి రోజుకోసారి చూడాలి. మచ్చ లేచినదాన్ని వెంటనే తీసేయాలి. కుళ్ళిన పండు ఇథిలీన్ ఎక్కువ వదులుతుంది, పక్కనున్నవాటిని తొందరపెడుతుంది.

పచ్చి కాయను ఫ్రిజ్‌లో పెట్టొద్దు. మామిడి సుమారు 12 డిగ్రీల కన్నా చల్లదనాన్ని తట్టుకోలేదు, ఇంటి ఫ్రిజ్ అంతకన్నా చాలా చల్లన. తొక్క బూడిద రంగుకు తిరిగి గుంటలు పడుతుంది, బయటికి తీశాక సరిగా మాగదు, రక్షణ దెబ్బతిని అన్నిటికన్నా ముందు కుళ్ళుతుంది. పూర్తిగా పండాక రెండు మూడు రోజులకు పెట్టుకోవచ్చు.

పక్షికన్ను చుక్క పైపైనే ఉంటే చుట్టూ కొంచెం లోతుగా తీసేసి మిగతా పండు తినొచ్చు. తొడిమ దగ్గర నీరు కారి, పులిసిన వాసన వస్తుంటే పండు మొత్తం పారేయండి. అలాంటి పండును జ్యూస్‌లో, ఆమ్‌రస్‌లో కలిపి ఎవరికీ పెట్టకండి.